ఇంట్లో పెళ్ళి ఒత్తిడి: వైజాగ్‌లోనే ఉండి పోరాడాలా, వెళ్ళిపోవాలా?

అడిగింది గాజువాక అమ్మాయి. 23 ఏళ్ళు, లెస్బియన్, మధురవాడలో ఉద్యోగం. శ్రావణంలో ముహూర్తం పెట్టేస్తామంటున్నారు. తనకేమో ఇక్కడే ఉండి మనవాళ్ళ హక్కుల కోసం పనిచేయాలని ఉంది.

ఉండాలా పోవాలా అన్నది తర్వాత. మీ కాగితాలు, జీతం, ఫోను ఎవరి చేతిలో ఉన్నాయి? నాన్నగారి చేతిలో ఉంటే వైజాగ్‌లో పోరాడనూ లేరు, బెంగళూరులో నిలవనూ లేరు.

ముందు పదో తరగతి మెమో ఒరిజినల్ దక్కించుకోండి, మేజర్‌నని చూపించడానికి అదే ఆధారం. ఆధార్‌కి లింకైన నంబరు ఇంట్లోవాళ్ళదైతే ఆధార్ కేంద్రంలో మార్పించుకోండి, లేకపోతే ఓటీపీలన్నీ వాళ్ళకే పోతాయి. జీతం జాయింట్ ఖాతాలో పడుతుంటే వేరే బ్యాంకులో సొంత ఖాతా తెరవండి. భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థికశాఖ 2024 ఆగస్టులోనే స్పష్టం చేసింది. కౌంటర్‌లో నసిగితే ఆ మాట గుర్తుచేయండి.

ఇల్లు వదలాల్సి వస్తే బంగారం ముట్టుకోవద్దు. చెవిదిద్దులు కూడా తీసి బల్ల మీద పెట్టి ఫోటో తీసుకోండి. మేజర్ తన ఇష్టంతో వెళ్తే కిడ్నాప్ కేసు నిలవదని తెలియగానే చాలా ఇళ్ళు దొంగతనం ఫిర్యాదుకు దిగుతాయి. నాన్న పేరున ఉన్న స్కూటీకీ ఇదే లెక్క. 'మేజర్‌ని, నా ఇష్టంతోనే వెళ్తున్నాను, నన్నెవరూ తీసుకెళ్ళలేదు' అని రాసి సంతకం పెట్టి, మెమో నకలు జతచేసి మీ స్టేషన్‌కీ, పోలీస్ కమిషనర్‌కీ స్పీడ్ పోస్ట్ చేయండి. అందులో కొత్త అడ్రసు రాయకండి. రసీదులు స్నేహితుల దగ్గర ఉంచండి. స్టేషన్‌కి పిలిస్తే లాయర్ లేకుండా వెళ్ళొద్దు. "ఒక్కసారి అమ్మతో మాట్లాడమ్మా" అని కారెక్కించేసేది అక్కడే.

బంధించేస్తే బయటివాళ్ళు హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేయాలి, అందుకే వాళ్ళ దగ్గర మీ కాగితాల నకళ్ళు ముందే ఉండాలి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చిన కేసు మనకు పక్కనే ఉన్న నర్సీపట్నానిది. తండ్రి నిర్బంధించాడని భాగస్వామి పిటిషన్ వేస్తే, ఆ ఇద్దరమ్మాయిలూ కలిసి ఉండొచ్చని కోర్టు చెప్పింది. అదే ఏడాది మార్చిలో దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: జడ్జి అమ్మాయితో ఏకాంతంగా మాట్లాడాలి, మనసు మార్చడానికి కౌన్సెలింగుకి పంపకూడదు. ఆ తీర్పు నకలు లాయర్‌కి ఇవ్వండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసహాయం ఉచితం, నంబరు 15100.

ఇక ఎవరూ పట్టించుకోని కాగితం ఒకటుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 14వ సెక్షన్ ప్రకారం తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి మీ నామినేటెడ్ ప్రతినిధిని, అంటే మానసిక చికిత్స నిర్ణయాల్లో మీ తరఫున నిలిచే మనిషిని, మీరే నియమించుకోవచ్చు. ఆ పని చేయకపోతే బంధువులకే ఆ స్థానం వెళ్తుంది. ఇష్టం లేని మనిషిని మానసిక ఆసుపత్రిలో చేర్చాలంటే దరఖాస్తు ఆ ప్రతినిధి నుంచే రావాలి, కాబట్టి ఇవాళే రాసేయండి. 'మార్చేస్తాను' అనే డాక్టరు దొరికితే, జాతీయ వైద్య కమిషన్ 2022లోనే దాన్ని వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించిందని అక్కడే అడగండి.

పోరాటం మాటకొస్తే, స్వలింగ జంటల పెళ్ళి హక్కును సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న కాదంది. ప్రైవేటు ఉద్యోగంలో వివక్షను ఆపే 2019 చట్టం ట్రాన్స్ వ్యక్తులకే. ఈ ఊళ్ళో పని ఎక్కువగా మిగిలేది స్టేషన్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర, అద్దె ఇళ్ళ దగ్గర. బీచ్ రోడ్డులో ఊరేగింపు కన్నా అర్ధరాత్రి ఒకరితో స్టేషన్‌కి వెళ్ళే మనిషే మాకు కరువు. తొందరపడి సంఘం పెట్టి సొసైటీగా రిజిస్టర్ చేయకండి. రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం ఏడుగురి పేర్లు, చిరునామాలు రికార్డుకెక్కుతాయి, ఇంట్లో తెలియనివాళ్ళు అక్కడే బయటపడతారు. బాహాటంగా ఉండగలిగినవాళ్ళతో, మద్దతుదారులతో సంతకాలు పెట్టించండి.

విదేశాల్లో శరణు అంత తేలిక కాదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ నుంచి 2018లో బయటపడ్డాం కాబట్టి 'మీ దేశంలోనే మరో నగరానికి ఎందుకు పోలేదు' అనేది మొదటి ప్రశ్న. అమెరికాలోనైతే చేరిన ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. చదువు వీసా దారే మేలు.

నా సలహా: గాజువాక వదలండి, వైజాగ్ వదలక్కర్లేదు. ముహూర్తం మాట ఖాయమయ్యేలోపు మధురవాడ వైపు హాస్టల్‌కి మారండి. ఇంట్లోవాళ్ళు ఆఫీసుకి వచ్చి గొడవ చేస్తే మాత్రం ఆరునెలలు హైదరాబాద్ బదిలీ అడగండి.