నవ్విన ప్రేక్షకుల తరఫున

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నా మనవరాలి ఈడుదానినని నీ ఉత్తరంలో నువ్వే రాశావు కనుక చనువుగా నువ్వు అంటున్నాను. బ్రిటిష్ హాస్యనటుడు, గారడీవాడు టామీ కూపర్ మీద నువ్వు పంపిన వ్యాసం పందొమ్మిది పేజీలూ రెండుసార్లు చదివాను. కైరోలో సైనికుల వినోద కార్యక్రమంలో తన టోపీ కనబడకపోతే, పక్కనుంచి వెళుతున్న వెయిటర్ తలమీది ఎర్రటి ఫెజ్ టోపీ తీసి పెట్టుకున్న ఘట్టాన్ని బాగా రాశావు. ఏ పత్రికకు పంపితే వేసుకుంటారని అడిగావు. ఆ సంగతి తరువాత చూద్దాం.

నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. “మనిషి ప్రాణం పోతుంటే పగలబడి నవ్విన ఆ హృదయం లేని ప్రేక్షకులను చరిత్ర క్షమించదు.” ఈ వాక్యం దగ్గర నేను కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. చాలాసేపటి వరకూ తరువాతి పేజీ తిప్పబుద్ధి కాలేదు. నేను రాస్తున్నదంతా ఆ ఒక్క వాక్యానికి జవాబే.

కూపర్ చనిపోయిన ఆ రాత్రి ఏం జరిగిందో నీకు తెలుసు, కానీ జరిగిన వరసలో నువ్వు రాయలేదు. 1984 ఏప్రిల్ 15, ఆదివారం. లండన్‌లోని హర్ మెజెస్టీస్ థియేటర్ నుంచి ఐటీవీలో ప్రత్యక్ష ప్రసారం. కూపర్ తన మామూలు ధోరణిలో కొంతసేపు నవ్వించిన తరువాత సహాయకురాలు వచ్చి అతనికి పొడవాటి అంగీ తొడిగింది. ఆ కార్యక్రమాన్ని నడిపిస్తున్న హాస్యనటుడు జిమ్మీ టార్‌బక్ తెర వెనక సిద్ధంగా ఉన్నాడు. అతను వెనకనుంచి కూపర్ కాళ్ళ మధ్యగా ఒక్కొక్క వస్తువూ అందిస్తుంటే, అంగీలోంచి అవి ఒకదానికంటే ఒకటి పెద్దవిగా బయటపడుతూ చివరికి నిచ్చెన కూడా రావాలన్నది ఆనాటి పథకం. అంతలో గుండెపోటు వచ్చి కూపర్ కాళ్ళు ముడుచుకుపోయి తెరకు ఆనుకుని కూలబడ్డాడు. హాలంతా నవ్వింది. టార్‌బక్ కూడా కూపర్ అప్పటికప్పుడు చేర్చిన చమత్కారమేమో అనుకున్నాడు. అదే వృత్తిలో పండినవాడు, కొన్ని అడుగుల దూరంలో నిలబడినవాడు పోల్చుకోలేనిదాన్ని, టికెట్ కొనుక్కుని ఎక్కడో వెనక వరసలో కూర్చున్న మనిషి పోల్చుకోవాలని నువ్వు ఎలా అడుగుతావు?

ఆ ప్రేక్షకులకు అలా నవ్వటం నేర్పింది కూపరే. సైన్యంలో ఏడేళ్ళు పనిచేసి 1947లో బయటికి వచ్చినప్పటినుంచి ముప్పై ఏడేళ్ళపాటు అతను వాళ్ళకు ఒకే పాఠం చెప్పాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి వేదిక మీదికి వస్తాడు, బల్ల మీద ఒక సీసా, ఒక గ్లాసు, రెండు గొట్టాలు ఉంటాయి, సీసా ఉన్నచోటికి గ్లాసూ గ్లాసు ఉన్నచోటికి సీసా వస్తాయని చెబుతాడు, ఏది ఎక్కడుందో తానే మరిచిపోయి ‘సీసా, గ్లాసు, గ్లాసు, సీసా’ అని గొణుక్కుంటాడు. చూస్తుండగా ఆ గొట్టాల్లోంచి ఎవరూ అడగని సీసాలు వరసగా బయటికి వస్తాయి. చేయి తడబడినా, వస్తువు జారినా, మనిషి తూలినా అది నవ్వమని చేసిన సైగ అని ఆ దేశంలో పిల్లలకు కూడా తెలుసు. ఆ రాత్రి హాలులో వినిపించిన నవ్వు వాళ్ళు అతని మీద పెట్టుకున్న నమ్మకమని నేను అనుకుంటాను. నీకు అందులో క్రూరత్వం కనబడటానికి కారణం నువ్వు అతని చావు తెలిసిన తరువాత ఆ దృశ్యం చూడటమే. వాళ్ళు దాన్ని తెలియకముందు చూశారు.

ఇదే ప్రేక్షకజాతి మరొక రాత్రి ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ప్రవర్తించింది, ఆ సంగతి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. 1956 ఏప్రిల్ 9న బీబీసీ టెలివిజన్‌లో పనోరమా కార్యక్రమానికి మన ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ వెళ్ళాడు. దీప్తి డే అనే పదిహేడేళ్ళ అమ్మాయిని బల్లమీద పడుకోబెట్టి గిర్రున తిరిగే విద్యుత్ రంపంతో నడుము దగ్గర కోశాడు. తరువాత ఆమె చేతులు రుద్దుతూ పేరు పెట్టి పిలిచాడు, ఆమె లేవలేదు. తల అడ్డంగా ఊపి ఆమె ముఖం మీద నల్లగుడ్డ కప్పాడు. ఆ క్షణాన వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్‌బీ కెమెరా ముందుకు వచ్చి కార్యక్రమం ముగిసిందని ప్రకటించాడు. ఒక హత్యను కళ్ళారా చూశామని నమ్మి ఇంగ్లండ్ నలుమూలలనుంచీ జనం బీబీసీకి ఫోన్లు చేశారు. మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో అదే వార్త. డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో సర్కార్ ప్రదర్శనలకు ఇంక టికెట్లు దొరకలేదు. సమయం మించిపోయినందువల్ల ప్రసారం ఆపామని బీబీసీ వాళ్ళన్నారు. గడియారం చూసుకోకుండా వేదిక ఎక్కే మనిషి కాదు సర్కార్, అది అతను వేసిన లెక్కేనని నా నమ్మకం.

ఏమీ జరగనినాడు వాళ్ళు హత్య జరిగిందని హడలిపోయారు, నిజంగా ప్రాణం పోయిననాడు నవ్వారు. రెండుసార్లూ వాళ్ళ కళ్ళు అవే. మారింది వేదిక మీది మనిషి వాళ్ళను సిద్ధం చేసిన పద్ధతి. సర్కార్ నవ్వు లేని ముఖంతో, రాజులాంటి వేషంతో, ఇది ప్రాణాంతకమని చెప్పకుండానే చెప్పాడు. కూపర్ ఫెజ్ టోపీతో లోపలికి అడుగు పెట్టగానే ఏమీ మించిపోలేదని చెప్పాడు. వినోదకారుని గురించి రాయబోయేవాళ్ళు మొదట పట్టుకోవలసింది ఈ పద్ధతిని. అతను ఏం చేశాడు, దేనికోసం ఎదురుచూడమని జనానికి నేర్పాడు, ఎంతకాలం నేర్పాడు అన్నది రాయకుండా అతని గుండె ఎప్పుడు ఆగిందో రాసినందువల్ల పాఠకునికి దక్కేది ఏమీ లేదు.

నువ్వు మరణంతో ఎత్తుకోవటంలో నీ తప్పు ఎంతో, ఇలాంటి ఎత్తుగడను కోరుకునే సంపాదకుల తప్పు ఎంతో నాకు తెలుసు. చాలా ఏళ్ళ కిందట బ్రిటిష్ హాస్యనటుడు టోనీ హాంకాక్ మీద నేను ఒక వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. నాలుగు నెలలు పట్టింది నాకు ఆ వ్యాసం. అందులో నేను రాసింది 1958లో బీబీసీ రేడియోలో వచ్చిన అతని హాస్య ధారావాహికలో ఒక భాగం గురించి. ఆదివారం మధ్యాహ్నం, బయట వాన, ఇంట్లో నలుగురు మనుషులు, చేయటానికి ఏ పనీ లేదు. అరగంటసేపు అంతే. ఒక నిట్టూర్పు, తరువాత నిశ్శబ్దం, ఒక ఆవులింత, మళ్ళీ నిశ్శబ్దం. రాసినవాళ్ళు రే గాల్టన్, అలన్ సింప్సన్ అనే ఇద్దరు యువకులు, క్షయవ్యాధి శానిటోరియంలో రోగులుగా ఉన్నప్పుడు స్నేహితులైనవాళ్ళు. నెలల తరబడి మంచం మీద పడుకుని పైకప్పు చూసినవాళ్ళకు తప్ప ఆ ఖాళీ మధ్యాహ్నం అంత నిజంగా రాయటం సాధ్యం కాదని నేను వివరించాను. సంపాదకుడు ఆ పేరాలన్నీ కొట్టేసి, 1968లో సిడ్నీలో హాంకాక్ ఆత్మహత్య చేసుకున్నాడని నేను చివర రాసిన ఒక్క వాక్యాన్ని ఎత్తి మొదట పెట్టి, పైన నవ్వుల వెనక కన్నీళ్ళు అని పెద్ద అక్షరాలతో అచ్చువేశాడు. నా పేరు కింద వచ్చిన ఆ వ్యాసాన్ని నేను ఈనాటికీ ఏ సంపుటిలోనూ చేర్చలేదు. నవ్వించిన ప్రతివాడి వెనకా ఏడుపు వెతకటం మన పత్రికలకు ఒక వ్యసనమైపోయింది. ఏడుపు దొరకకపోతే ఆ మనిషి మీద వ్యాసమే వేయరు.

ఆ నిశ్శబ్దం మీద నాకు అంత మమకారం ఉండటానికి వేరే కారణం ఉంది. మిత్రుడొకడు బర్మింగ్‌హామ్ నుంచి తెచ్చిన క్యాసెట్‌లో ఆ భాగం విన్న ఊపులో నేనొక రేడియో నాటిక రాశాను. భార్యాభర్తలిద్దరూ కరెంటు పోయిన ఇంట్లో కూర్చుని ఉంటారు. మూడుచోట్ల మౌనం అని రాసి పక్కన ఎన్ని సెకన్లో కూడా వేశాను. రేడియో కేంద్రంలో ఆ నాటిక చూసిన అధికారి, మౌనం వస్తే శ్రోతలు ప్రసారం ఆగిపోయిందనుకుంటారని చెప్పి ఆ మూడుచోట్లా వేణువు వేయించాడు. ప్రసారమైన రోజు మా ఇంట్లో అందరూ రేడియో చుట్టూ కూర్చున్నారు. వేణువు మోగిన ప్రతిసారీ నాకు నాటిక మెడ పట్టుకుని ఎవరో నొక్కుతున్నట్టు అనిపించింది. శ్రోతకు ఏమీ తెలియదనుకునే ఆ అధికారి, ప్రేక్షకునికి హృదయం లేదనుకునే నువ్వు, ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారని నీకు చెప్పకపోతే నేను నీకు అపకారం చేసినవాడినవుతాను.

శ్రోతను నమ్మినవాళ్ళు ఎంత దూరం వెళ్ళారో చూడు. పీటర్ బ్రఫ్ అనే ఆయన 1950 నుంచి 1958 వరకు బీబీసీ రేడియోలో ఒక మాట్లాడే బొమ్మతో కార్యక్రమం నడిపాడు. పెదవులు కదపకుండా బొమ్మను మాట్లాడించే విద్యను కంటికి కనబడని రేడియోలో ప్రదర్శించటం ‘హాస్యాస్పదం’ అని ఒక్క మాటతో కొట్టిపారేశావు నువ్వు. కానీ దేశమంతా కూర్చుని విన్నది, ఆర్చీ ఆండ్రూస్ అనే ఆ కర్రబొమ్మను పొగరుబోతు పిల్లవాడుగా నమ్మింది. ఆ పిల్లవాడికి పాఠాలు చెప్పే మాస్టారుగా వేసినవాళ్ళలో హాంకాక్ ఒకడు. తరువాత టెలివిజన్‌లో కనబడినప్పుడు బ్రఫ్ పెదవులు కదులుతున్నాయని జనం గమనించారు. రేడియోలో ఆ లోపం లేకపోవటానికి కారణం, మిగిలిన పనంతా వినేవాళ్ళు తమ తలల్లో పూర్తిచేయటం. ఇందులో హాస్యాస్పదం ఏముంది? నాకు ఇది ఇంద్రజాలంలోకెల్లా గొప్ప ఇంద్రజాలంగా తోస్తుంది.

గారడీకీ రేడియోకీ సంబంధమేమిటని నువ్వు అడిగిన ప్రశ్నకు ఒక భవనం పేరే జవాబు. లండన్‌లో లాంగ్‌హామ్ ప్లేస్‌లో సెయింట్ జార్జెస్ హాల్ అని ఉండేది. మాస్కెలైన్ కుటుంబం పికడిల్లీలోని ఈజిప్షియన్ హాల్ వదిలి వచ్చి 1905 నుంచి అక్కడే ఇంద్రజాల ప్రదర్శనలు నడిపింది. పక్కనే తమ కార్యాలయం కట్టుకున్న బీబీసీ 1933లో ఆ హాలు తీసుకుని వినోద కార్యక్రమాల ప్రసారానికి వాడుకుంది. యుద్ధకాలంలో, 1941లో, బాంబులకు అది నాశనమైంది. మనుషులను మాయం చేసిన వేదికమీదే మనుషులు కనబడకుండా మాట్లాడటం మొదలుపెట్టారు. నీ వ్యాసంలో ఇలాంటి ఒక్క గోడ, ఒక్క బల్ల, ఒక్క తలుపు లేవు. ‘అద్వితీయ’ అన్న మాట మాత్రం పదకొండుసార్లు ఉంది. 1967లో మొదలై నికొలస్ పార్సన్స్ యాభై ఏళ్ళకు పైగా నడిపిన జస్ట్ ఎ మినిట్ అనే రేడియో ఆటలో, ఇచ్చిన అంశం మీద ఒక నిమిషంపాటు తడబడకుండా, అన్నమాట మళ్ళీ అనకుండా, విషయం దాటకుండా మాట్లాడాలి. కుర్రవాడుగా షార్ట్‌వేవ్‌లో, కెరటంలా పోతూ వస్తూ ఉండే ఆ గొంతులను చెవి ఒగ్గి వినేవాణ్ణి. నీ వ్యాసం పైకి చదువుతూ రెండో నియమం ఒక్కటి పాటించి చూడు, ఏ పేజీలో ఆగిపోతావో నీకే తెలుస్తుంది.

నువ్వు ఇంకొకటి కూడా రాశావు, కూపర్‌కు గారడీ చేతకాలేదు కనుక హాస్యంలోకి మళ్ళాడని. ఇది నిజం కాదు. ఎనిమిదో ఏట బంధువుల్లో ఒకామె బహుమతిగా ఇచ్చిన గారడీ పెట్టెతో మొదలుపెట్టాడు. హైత్‌లోని పడవల కార్ఖానాలో పని నేర్చుకునే కుర్రవాడుగా ఉన్నప్పుడు అక్కడి క్యాంటీన్‌లో తోటి పనివాళ్ళ ముందు చేసిన ప్రదర్శన భయంవల్ల చెడిపోయింది, వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకుని, అదే నవ్వును కావలసిన చోట, కావలసిన క్షణాన మళ్ళీ రప్పించటానికి అతనికి ఏళ్ళు పట్టింది. ఇంద్రజాలికుల సంఘమైన మ్యాజిక్ సర్కిల్‌లో అతను సభ్యుడు. నాలుగు గారడీలు చెడగొట్టిన తరువాత ఐదోది చటుక్కున నెగ్గించి హాలును నిశ్చేష్టం చేసేవాడు. చేతకానివాడికి ఆ ఐదోది రాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2016లో అతని కాగితాలూ సామగ్రీ తీసుకున్నప్పుడు వందకు పైగా పెట్టెలు వచ్చాయి. తన హాస్యోక్తులను అంశాలవారీగా అక్షరక్రమంలో అమర్చి ఇనుప బీరువాల్లో దాచుకున్నాడు. వేదికమీద సీసా ఎక్కడ పెట్టాడో మరిచిపోయే మనిషి ఇంట్లో ఏ నవ్వు ఏ అరలో ఉందో చూడకుండా చెప్పగలిగేటట్టు బతికాడు. నీ వ్యాసానికి నడుము ఇది. దీన్ని నువ్వు పదిహేడో పేజీలో సగం వాక్యంలో దాటేశావు.

సీసాలు అన్ని ఎలా వస్తాయో చెప్పమన్నావు. చెప్పను. ఆ రహస్యం తెలిసినా వ్యాసంలో రాయకు.

మళ్ళీ రాసేటప్పుడు ఆ బీరువాతో మొదలుపెట్టు, లేకపోతే క్యాంటీన్‌తో మొదలుపెట్టు. హర్ మెజెస్టీస్ థియేటర్ దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు కెమెరా పక్కన నిలబడకుండా ప్రేక్షకుల మధ్యకు వెళ్ళి కూర్చో. అంగీ తొడిగారు, ఇప్పుడు లోపలినుంచి ఏదో వస్తుంది, ఏం వస్తుందా అని వాళ్ళతోపాటు ఎదురుచూడు, అతను కూలబడినప్పుడు వాళ్ళతోపాటు నవ్వు. ఆ నవ్వు నీ వాక్యంలో వినబడితే తరువాత జరిగింది నువ్వు ఒక్క విశేషణం లేకుండా చెప్పవచ్చు.

మొదటి మూడు పేజీలు ఈ కవరులో తిప్పి పంపుతున్నాను. మిగిలిన పదహారూ నా దగ్గరే ఉంచుకున్నాను. కొత్త ప్రతి వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.

శ్రేయోభిలాషి