బాస్ వాయించినవాడి పేరు

పర్లాకిమిడి

అమ్మా,

నీ వ్యాసం అందింది. గుణుపురంలో ఒడియా బడిలో చదువుకుంటూ, తెలుగు అక్షరాలు ఇంట్లోనే దిద్దుకుని, మైకేల్ జాక్సన్ పాటల రచన మీద ఇంత పెద్ద వ్యాసం తెలుగులో రాసినందుకు సంతోషం. కానీ నాలుగో పేజీలో "థ్రిల్లర్ పాట ఆయన గుండెలోంచి ఉబికి వచ్చింది" అన్నావు. అది చదివి కోపం వచ్చింది, అందుకే వెంటనే జవాబు రాస్తున్నాను. ఆ పాట రాసింది రాడ్ టెంపర్టన్. ఇంగ్లండువాడు, హీట్‌వేవ్ అనే బృందంలో కీబోర్డు వాయించేవాడు. మొదట ఆ బాణీకి ఆయన పెట్టిన పేరు 'స్టార్‌లైట్'. 'థ్రిల్లర్' అన్న మాట తర్వాత తట్టింది. చివర్లో నటుడు విన్సెంట్ ప్రైస్ చదివే మాటలూ టెంపర్టన్‌వే. స్టూడియోకి టాక్సీలో వెళుతూ దారిలో రాశాడు. ఇంత పని చేసిన మనిషి నీ వ్యాసంలో ఎక్కడా లేడు. జాక్సన్ పెంచుకున్న చింపాంజీకి మాత్రం ఒక పేరా ఇచ్చావు.

పాటలో ఏ పని ఎవరు చేశారో చెప్పనంతవరకు 'ప్రతిభ' అన్న మాట వాడే హక్కు మనకు లేదు. నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతావన్నీ దీని వెనకే వస్తాయి.

1982 నవంబరులో విడుదలైన థ్రిల్లర్ ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు ఉన్నాయి. జాక్సన్ రాసినవి నాలుగు: వానా బీ స్టార్టిన్ సమ్‌థింగ్, ద గర్ల్ ఈజ్ మైన్, బీట్ ఇట్, బిల్లీ జీన్. టెంపర్టన్‌వి మూడు. పీవైటీ అనే పాట జేమ్స్ ఇన్‌గ్రామ్, ఆల్బమ్ నిర్మాత క్విన్సీ జోన్స్ కలిసి రాశారు. హ్యూమన్ నేచర్ బాణీ స్టీవ్ పొర్కారోది, మాటల్లో జాన్ బెటిస్ చేయి ఉంది. ఇవి చెబితే జాక్సన్ చిన్నవాడైపోతాడని భయపడ్డావేమో. లెక్క ముందుకూ వెనక్కూ చూడు. 1979 నాటి ఆఫ్ ద వాల్‌లో పది పాటలుంటే ఆయన ఒక్కడే రాసినవి రెండు, లూయిస్ జాన్సన్‌తో కలిసి రాసింది ఒకటి. 1987లో వచ్చిన బ్యాడ్ సీడీలో పదకొండు పాటలు ఉంటే తొమ్మిది ఆయనవే. ఎనిమిదేళ్ళలో ఒక గాయకుడు రచయితగా ఎలా ఎదిగాడో ఈ మూడు లెక్కలే చెబుతాయి. నీ వ్యాసంలో విశేషణాలకు ఆ పని చేతకాలేదు. అన్నట్టు, బ్యాడ్‌లో ఆయన రాయని రెండింటిలో ఒకటి మ్యాన్ ఇన్ ద మిర్రర్. దాన్ని సైడా గారెట్, గ్లెన్ బలార్డ్ రాశారు. నువ్వు దాన్నే "జాక్సన్ ఆత్మకథ" అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్.

"నోట్స్ చదవడం రాని మనిషికి పాటలు పైనుంచి దిగివచ్చాయి" అని కూడా రాశావు. నోట్స్ అంటే స్వరలిపి. పాటలు తన ద్వారా వస్తాయని ఆయనే అనేవాడు. అది ఆయన నమ్మకం, దాన్ని గౌరవిద్దాం. కానీ వచ్చిన తర్వాత ఆయన ఏం చేశాడో చెప్పడం మన పని. నోటితోనే డ్రమ్స్, బాస్, తీగ వాద్యాలు పలికించి టేపు మీద ఎక్కించేవాడు. 1995 నాటి హిస్టరీ ఆల్బమ్‌కు పనిచేసిన ఇంజనీరు రాబ్ హాఫ్‌మన్ ఒక సంగతి చెప్పాడు. గిటారు వాయించే ఆయన్ని పిలిచి, ప్రతి కార్డ్‌లోని (ఒకేసారి మోగించే స్వరాల గుత్తి) ప్రతి స్వరాన్నీ జాక్సన్ విడివిడిగా పాడి వినిపించాడట: ఇది మొదటి కార్డ్‌లో మొదటి స్వరం, ఇది రెండోది, ఇది మూడోది అని. మూడు స్వరాలు ఒకేసారి మోగే చోట దేనికదే విడదీసి వినగల చెవి అది. నోట్స్ రాకపోవడాన్ని నువ్వు లోటుగా రాసి దాని మీద దైవాన్ని కప్పావు. ఆ చెవిని చూపించి ఉంటే కప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊళ్ళోంచి నీకీ ఉత్తరం రాస్తున్నాను. అప్పటికి పుస్తకమే లేని సవర భాషను ఆయన మనుషుల నోట విని నేర్చుకున్నారు, విన్నది విన్నట్టు రాసుకున్నారు. దాని మీదే వ్యాకరణమూ నిఘంటువూ కట్టారు. సంగీతం మీద రాసేవాళ్ళకు కావలసింది ఆ క్రమశిక్షణే: ముందు వినడం, తర్వాత విన్నదాన్ని సరిగ్గా రాయడం.

బిల్లీ జీన్‌తో మొదలుపెట్టు. ఫోన్ స్పీకర్లో వద్దు. అంత చిన్న స్పీకరు కింది స్వరాలను పలికించలేదు, బాస్ సగం మాయమవుతుంది. చవకదైనా సరే, చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్ వాడు. మొదటి రెండు బార్లు (నాలుగు దెబ్బల ఆవృత్తం ఒక బార్) డ్రమ్స్ ఒక్కటే. ఒకటీ మూడు దెబ్బల మీద కిక్ అనే పెద్ద డ్రమ్ము, రెండూ నాలుగు మీద స్నేర్ అనే చిన్న డ్రమ్ము, వాటి మీద హై-హ్యాట్ అనే జంట తాళాలు. తర్వాత బాస్ వస్తుంది, బార్‌కు ఎనిమిది స్వరాలు. ఎఫ్ షార్ప్‌ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో అది స ప ని స ని ప మ ప. ప, ని, మ మూడూ కింది స్థాయిలోవి, ని అంటే కైశికి నిషాదం. ఇందులో గాంధారం లేదని గమనించు. పాశ్చాత్య సంగీతంలో పాట మేజరో మైనరో (వెలుగో దిగులో) తేల్చేది గాంధారమే కాబట్టి, బాస్ ఒక్కటే నడుస్తున్నంతసేపు పాట రంగు తేలదు. ఆ తర్వాత కీబోర్డు వచ్చి సాధారణ గాంధారాన్ని వినిపిస్తుంది. పాటలోని దిగులు అప్పుడు తెలుస్తుంది. గొంతు అందుకునేసరికి దాదాపు 29 సెకన్లు అవుతుంది. ఇంత పొడుగు ఎందుకు, తగ్గించమని నిర్మాత క్విన్సీ జోన్స్ అడిగాడు. అది వింటేనే నాకు ఆడాలనిపిస్తుందని జాక్సన్ ఒప్పుకోలేదు. నువ్వు ఈ గొడవ గురించి రాశావు, కానీ గొడవ దేని మీదో చెప్పలేదు. ఆ 29 సెకన్లలో ఏం జరుగుతుందో తెలిస్తేనే జాక్సన్ పట్టుదల పాఠకుడికి అర్థమవుతుంది. లేకపోతే అది ఇద్దరు పెద్దమనుషుల పంతంగా మిగులుతుంది.

ఇప్పుడు ఆ పాటకు 1981లో ఇంట్లో చేసిన డెమో, అంటే నమూనా రికార్డింగు, విను. 2001లో థ్రిల్లర్ ఆల్బమ్‌ను మళ్ళీ విడుదల చేసినప్పుడు అది కూడా బయటికొచ్చింది. మాటలు చాలాచోట్ల పూర్తి కాలేదు, ఏవో శబ్దాలతో నెట్టుకొస్తాడు. బాస్ నడక మాత్రం అప్పటికే కుదిరి ఉంది. అంటే ఈయన దగ్గర పాట సాహిత్యంతో మొదలు కావడం లేదు, నడకతో మొదలవుతోంది. ఇది నువ్వు చెవితో విని రుజువు చేయగల విషయం, ఎవరి ఇంటర్వ్యూ అక్కర్లేదు. రికార్డు మీద ఆ బాస్ వాయించింది లూయిస్ జాన్సన్. తన దగ్గరున్న బాస్ గిటార్లన్నిటి మీదా అదే నడక వాయించి వినిపిస్తే, జాక్సన్ చివరికి ఒక యమహా ఎంచుకున్నాడు. డ్రమ్స్ లియోన్ చాన్స్‌లర్‌వి. ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ ఆ పాటకు 91 మిక్స్‌లు (వాద్యాలనూ గొంతునూ పాళ్ళు మార్చి కలిపిన రూపాలు) చేస్తే, ఆల్బమ్‌లోకి వెళ్ళింది రెండోది. ఈ నాలుగు వాక్యాలకు నీ వ్యాసంలో చోటు దొరకలేదు.

బీట్ ఇట్ గురించి "ఎడ్డీ వాన్ హాలెన్ డబ్బు తీసుకోకుండా వాయించాడు" అని రాసి ఆపేశావు. అసలు కథ దాని తర్వాతే ఉంది. ఈ రాక్ గిటారిస్టు తన సోలోకు కింద వేరే కార్డ్స్ కావాలని అక్కడ టేపును ఇంజనీరు చేత కత్తిరించి అతికింపించాడు. అప్పట్లో 24 ట్రాకుల టేపు యంత్రాలు రెండింటిని ఒక కాలసంకేతంతో జతకట్టి నడిపేవారు. ఒక టేపు కోస్తే సంకేతం తెగుతుంది, రెండో యంత్రం దానితో కలవదు. దాంతో చేతిలో మిగిలినవి జాక్సన్ గొంతూ ఎడ్డీ సోలో. వాద్యకారులు స్టీవ్ లూకథర్, జెఫ్ పొర్కారో కూర్చుని వాటి చుట్టూ పాటను తిరిగి కట్టారు. జెఫ్ ఆ గొంతును వింటూ డ్రమ్స్ వేశాడు, లూకథర్ బాసూ గిటారూ వాయించాడు. మామూలుగా డ్రమ్స్ ముందు, గొంతు ఆఖరున. ఇక్కడ తలకిందులైంది. అయినా పాట నిలబడిందంటే, జాక్సన్ గొంతు తాళం ఎంత కచ్చితమో చూడు. ఆయన ప్రతిభకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

హ్యూమన్ నేచర్ కథ నువ్వు బాగా రాశావు. సంగీతకారుడు డేవిడ్ పేచ్ పంపిన క్యాసెట్‌లో, వినిపించదలచిన పాటలు అయిపోయాక, స్టీవ్ పొర్కారో అసంపూర్తి డెమో మోగడం, అది క్విన్సీ చెవిన పడటం. దాన్ని అలాగే ఉంచు.

ఎల్‌పీ రికార్డు భాగాన్ని ఇంకా పెంచు. థ్రిల్లర్ మొదటిసారి డిస్క్ మీద వినేసరికి ధ్వని పేలవంగా ఉందని రాశావు, ఎందుకో రాయలేదు. పన్నెండు అంగుళాల రికార్డు మీద ఒక్కో పక్క నిడివి పెరిగేకొద్దీ సూది నడిచే గాళ్ళు దగ్గర దగ్గరగా కోయాలి. బాస్‌కు గాడి పక్కలకు ఎక్కువగా ఊగుతుంది. చోటు లేనప్పుడు పక్క గాడిని తాకకుండా మొత్తం శబ్దాన్నీ, ముఖ్యంగా బాస్‌నీ తగ్గించాలి. అందుకే ద లేడీ ఇన్ మై లైఫ్‌లో ఒక చరణం తీసేశారు, పాటలన్నీ మళ్ళీ మిక్స్ చేశారు. నిడివి ఒక్కటే ఒక చరణాన్ని చంపేసింది. పాటల రచన గురించి మాట్లాడేవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఇది.

నీ ఎడిటర్ ఈ భాగాలనే కొట్టేస్తాడు, సిద్ధంగా ఉండు. సినిమా పేజీలు చూసేవాళ్ళకు జాక్సన్ చేతి తొడుగు కావాలి, చర్మం రంగు కావాలి, 'మీకు తెలియని పది రహస్యాలు' కావాలి. వాద్యకారుల పేర్లు పాఠకుడికి ఎందుకంటారు. ఒకప్పుడు ఆకాశవాణిలో పాటకు ముందు రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు వరసగా చెప్పేవారు. పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ విజయవాడ స్టేషనుకు చెవి ఒగ్గినవాళ్ళకు ఆ పేర్లన్నీ కంఠతా వచ్చేవి. పాఠకుడికి అక్కర్లేదనే మాట అబద్ధం. చెప్పడం మానేశారు, అంతే. పేర్లు కోసే ఎడిటర్‌కు వ్యాసం ఇవ్వకు.

పేరు రాయడం మర్యాద కోసమే కాదు, దాని వెనక డబ్బు ఉంది. పాట మీద ఒక హక్కు, దాని రికార్డింగు మీద మరొక హక్కు. ఎవరు పాడినా, ఎన్నిసార్లు పాడినా, మొదటి హక్కు రాసినవాళ్ళది, వాళ్ళ దగ్గర కొనుక్కున్నవాళ్ళది. ఈ కిటుకు జాక్సన్‌కు చెప్పింది బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ. 1985లో జాక్సన్ 4.75 కోట్ల డాలర్లకు పాటల హక్కులున్న ఏటీవీ సంస్థను కొన్నాడు. లెనన్, మెకార్ట్‌నీల బీటిల్స్ పాటలు చాలావరకు దానితోపాటే ఆయన చేతికొచ్చాయి, స్నేహం చెడింది. నువ్వు దీన్ని ద్రోహం అన్నావు. ముందు హక్కు ఎలా పనిచేస్తుందో వివరించు, తీర్పు పాఠకుడు చెప్పుకుంటాడు. మన దేశంలోనూ 2012 నాటి కాపీరైట్ సవరణ తర్వాత, సినిమా పాటకు రాయల్టీలో రచయితకూ సంగీత దర్శకుడికీ రావలసిన వాటాను ఒప్పందంతో లాగేసుకోవడానికి వీల్లేదు. అదీ ఒక వాక్యంలో చేర్చు. రాయగడ, బరంపురం వైపు ఆల్బమ్ పాటలు రాసే కుర్రాళ్ళు చదువుతారు.

రచయితల పేర్లు సరిచూసుకోవాలంటే ఎల్‌పీ అట్ట లోపలి కాగితం చూడు. దొరక్కపోతే ఆస్క్యాప్, బీఎమ్ఐ అనే అమెరికా రచయితల సంఘాల జాబితాలు ఎవరైనా వెతుక్కోవచ్చు. పాటల యాప్‌లలో క్రెడిట్స్ అనేది ఉంటుంది కానీ, అక్కడ తప్పులుంటాయి, దాని ఒక్కదాని మీదే ఆధారపడకు. స్వరాల దగ్గర అనుమానం వస్తే మీ వీధిలో పూజలకు వచ్చే మెలోడీ పార్టీ కీబోర్డు అబ్బాయిని అడుగు. స ప ని స వాయించి చూపించడానికి అతనికి అరనిమిషం చాలు.

రెండో ప్రతిలో మొదటి మూడు పేజీలూ తీసెయ్. బిల్లీ జీన్ డెమోతో మొదలుపెట్టు. పొడుగు ఎక్కువైతే చింపాంజీని వదిలెయ్, చాన్స్‌లర్‌ని వదలకు. నెలాఖరు లోపు పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటి రచయిత్రి