కుళాయి మూడు రోజులకోసారి వస్తే ఎంత నీరు నిల్వ ఉంచాలి?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి గనుక, నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 7 లీటర్ల చొప్పున, మూడు రోజులకు 84 లీటర్లను మూతలున్న బిందెల్లో విడిగా ఉంచుకోవాలి. వాడకం నీటికి డ్రమ్ము వేరుగా ఉండాలి.

అసలు చిక్కు ఆ డ్రమ్ముతోనే. దాన్ని ఖాళీ చేసినా, లోపలి గోడకు అంటుకున్న డెంగీ దోమ గుడ్లు ఎండి నెలల తరబడి బతికే ఉండి, మళ్ళీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి వారానికోసారి నీటి మట్టం గీత పడిన చోట పీచుతో గట్టిగా రుద్ది కడిగి, నింపాక మూతికి గుడ్డతో వాసెన కట్టాలి.

ట్యాంకరు నీటిని తేరుకున్నాక వడగట్టి, తెర్లడం మొదలయ్యాక మరో నిమిషం కాచి తాగవచ్చు. బోరు నీటిలోని ఫ్లోరైడు మాత్రం కాచినా పోదు.