జెనెట్ ర్యాంకిన్ 1918లో ఓడింది యుద్ధం వద్దన్నందుకేనా?

అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి మహిళ, మొంటానా ప్రతినిధి జెనెట్ ర్యాంకిన్ యుద్ధానికి వ్యతిరేకంగా ఓటేసి పదవి పోగొట్టుకున్నారా అని అడిగారు. అది సగమే నిజం. 1917 ఏప్రిల్ 6న జర్మనీపై యుద్ధ తీర్మానం ఆమె ఉన్న ప్రతినిధుల సభలో (కాంగ్రెస్ దిగువ సభ) 373-50తో నెగ్గింది. అంటే ఆ రోజు కాదన్నవాళ్లు ఆమెతో పాటు మరో 49 మంది. ఆమెకు అసలు దెబ్బ సీటు మారడం వల్ల తగిలింది.

1916లో ఆ సభలో మొంటానాకు రెండు సీట్లుండేవి, కానీ నియోజకవర్గాలు లేవు. రాష్ట్రమంతా ఒకటే, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, ఎక్కువ ఓట్లొచ్చిన ఇద్దరు గెలిచినట్టు. మన దగ్గర 1952, 1957 ఎన్నికల్లోని ద్విసభ్య నియోజకవర్గాలు గుర్తున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రిపబ్లికన్ అయిన ఆమెకు ఈ పద్ధతి బాగా కలిసొచ్చింది. డెమోక్రాట్లకు ఓటేసేవాళ్లు కూడా రెండో ఓటు ఆమెకు వేయొచ్చు. 1914లో అక్కడ మహిళలకు ఓటు హక్కు సాధించిన ఉద్యమంలో ఊరూరా తిరిగిన పరిచయాలు ఉండనే ఉన్నాయి. ఖర్చూ వ్యూహమూ తమ్ముడు వెల్లింగ్టన్ చూసుకున్నారు. ఆమె రెండో స్థానంలో నిలిచి గెలిచారు.

తర్వాత శాసనసభ రాష్ట్రాన్ని రెండు నియోజకవర్గాలుగా చీల్చింది. ఆమె ఉండే మిసౌలా, గని కార్మికుల బ్యూట్ పట్టణం పశ్చిమ భాగంలోకి వెళ్లాయి. అక్కడ డెమోక్రాట్లదే బలం. రెండో ఓటు ఇక లేదు. పైగా 1917 జూన్‌లో బ్యూట్‌లో స్పెక్యులేటర్ గని అగ్నిప్రమాదంలో 168 మంది చనిపోయాక ఆమె కార్మికుల పక్షాన నిలబడ్డారు. రాష్ట్రంలో పత్రికల్ని గుప్పిట్లో పెట్టుకున్న అనకొండ రాగి కంపెనీకి అది నచ్చలేదు. నా లెక్కలో యుద్ధ ఓటు కంటే ఈ శత్రుత్వమే బరువైనది.

అందుకే 1918లో రాష్ట్రమంతా ఓటేసే సెనేట్ (ఎగువ సభ) సీటు ఎంచుకున్నారు. రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, రెండు వేల లోపు ఓట్ల తేడాతో ఓడారు. చిన్న పార్టీ తరఫున మళ్లీ నిలబడితే మూడో స్థానం దక్కింది. యుద్ధం నడుస్తున్న ఏడాదిలో, అంత వ్యతిరేకత మధ్య ప్రైమరీలో అంత దగ్గరగా వచ్చారంటే జనం ఆమెను వదిలేశారని అనలేం.

1940లో అదే పశ్చిమ నియోజకవర్గం నుంచి గెలిచారు. అక్కడి 56 హైస్కూళ్లలో 52 తిరిగి పిల్లలతో యుద్ధం గురించి మాట్లాడారు, ఇళ్లకు ఆ మాట పిల్లలే మోసుకెళ్లారు.

ఒక్క ఓటే పదవిని మింగిన సందర్భం కావాలంటే 1941 డిసెంబర్ 8 చూడండి. జపాన్‌పై యుద్ధ తీర్మానం 388-1. ఆ ఒక్కరూ ఆమే. సభ ముగిశాక జనం చుట్టుముడితే టెలిఫోన్ బూత్‌లో తలదాచుకున్నారు, పోలీసులు వచ్చి కార్యాలయానికి చేర్చారు. 1942లో ఆమె పోటీకే దిగలేదు.