క్షమించడమంటే ఊరుకోవడమా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇచ్చిన ఇంజెక్షన్‌ను చార్టులో ఎక్కించకపోవడం అంతకుముందు షిఫ్టులో ఉన్నవారి పొరపాటని తెలిసి కూడా, మా ఇన్‌ఛార్జి సిస్టర్ పొద్దున హ్యాండోవర్ సమయంలో రోగుల బంధువులు వింటుండగా నన్ను నానా మాటలూ అన్నారు. అప్పటినుంచి ఆవిడ గొంతు వింటేనే ఒళ్ళు మండిపోతోంది, మోకాళ్ళూనినా ఆవిడ ముఖమే కనిపిస్తోంది. క్షమించనివాళ్ళు ప్రభువు బల్లలో (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) చేయి వేయకూడదని అమ్మ అనడంతో, కొన్ని నెలలుగా బల్ల సమయానికి లేచి బయటికి వచ్చేస్తున్నాను. క్షమించిన తరువాత ఇక ఆ సంగతి ఎత్తకూడదా? వేరే వార్డుకు మార్చమని అడగడం పాపమా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సహోదరీ, మీ కోపానికి కారణం ఉంది. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఎవరైనా కోపంగా ఉన్నానని చెప్పగానే సంగతేమిటని అడగకుండానే క్షమించేయమని సలహా ఇచ్చే అలవాటు మన సంఘాలలో బాగా ముదిరిపోయింది. పౌలు ఎఫెసీయులకు రాస్తూ "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" (4:26) అన్నాడు, ఆయన వద్దన్నది కోపం రావడాన్ని కాదు, వచ్చినదాన్ని దాచి పెంచుకోవడాన్ని. నైట్ డ్యూటీ చేసేవారికి సూర్యుడు అస్తమించాకే పని మొదలవుతుంది గనుక, ఆ గడువును డ్యూటీ దిగే వేళకు మార్చుకున్నా పౌలు కాదనడనే అనుకుంటాను.

ప్రార్థనలో ఆవిడ ముఖం కనబడుతోందని కంగారు పడకండి, ఆ ముఖం గురించే ప్రార్థించండి. 55వ కీర్తనలో దావీదు, తనను దూషించినవాడు శత్రువైతే సహించేవాడిననీ, తనతో కలిసి దేవుని మందిరానికి నడిచిన చెలికాడే ఆ పని చేశాడనీ దేవుని ముందు వాపోతాడు. మాటలను చక్కబెట్టుకుని, భక్తిగా మార్చుకుని చెప్పే ప్రయత్నమేదీ అందులో కనబడదు. మీరూ జరిగింది జరిగినట్టుగా, మీ నోట వచ్చిన మాటల్లోనే ఆయనకు చెప్పుకోండి.

ఇక క్షమించడం గురించి. పగతీర్చుకునే పనిని దేవునికి విడిచిపెట్టమని రోమా పత్రిక 12వ అధ్యాయం చెబుతోంది. ఆసుపత్రిలో పగ కత్తి పట్టుకుని రాదు. ఆవిడ పిలిచినప్పుడు వినబడనట్టు మరో మంచం వైపు తిరగడం, కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ క్యాంటీనులో ఆవిడ చరిత్ర వినిపించడం, రౌండ్సులో డాక్టరు ఆవిడను కసిరినప్పుడు లోలోపల సంతోషించడం – ఇవన్నీ పగే. మీరు వదులుకోవలసినవి ఇవి. వదులుకున్న మర్నాడే మనసు తేలికపడుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను. కొన్నాళ్ళపాటు రోజూ వదులుకోవలసి రావచ్చు.

అంతమాత్రాన నోరు మూసుకోనక్కర్లేదు. ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు యేసు తిరిగి కొట్టలేదు, అలాగని మౌనంగానూ ఉండలేదు. తాను తప్పు మాట్లాడి ఉంటే అదేమిటో చెప్పమనీ, మంచి మాటే అయితే ఎందుకు కొడుతున్నావనీ అడిగాడు (యోహాను 18:23). మీ విషయంలో మాట్లాడటానికి మరో కారణం కూడా ఉంది. ఇచ్చిన మందు చార్టులో లేకపోతే, తరువాత వచ్చిన నర్సు ఇవ్వలేదనుకుని అదే మోతాదును మళ్ళీ ఇచ్చే ప్రమాదముంది. కాబట్టి ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో తేలడం మీ పరువు కోసమే కాదు, రోగి ప్రాణం కోసం కూడా అవసరం. మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన క్రమాన్ని పాటించి, హ్యాండోవర్ హడావిడిలో కాకుండా ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళండి. "సిస్టర్, ఆ ఇంజెక్షన్ నా షిఫ్టులోది కాదు, అందరి ముందూ అన్నందుకు చాలా బాధపడ్డాను" అని చెబితే చాలు, పాత లెక్కలన్నీ తీయవద్దు. ఆవిడ వినకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. క్షమించిన మనిషి ఫిర్యాదు చేయకూడదని లేఖనం ఎక్కడా చెప్పలేదు. జరిగినదానికి ఒక్క మాట కూడా కలపకుండా రాయండి, అంతే.

వార్డు మార్పించుకోవడం పాపమేమీ కాదు. మార్కు అనే సహచరుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళే విషయంలో పౌలు బర్నబాలంతటివారికే తీవ్రమైన వాదం వచ్చి, ఒకరు కుప్రకు, మరొకరు సిరియా కిలికియల వైపుకు విడిపోయారు. అదే మార్కును తరువాతి కాలంలో తన దగ్గరకు తీసుకురమ్మని పౌలు తిమోతికి రాశాడు.

బల్ల విషయంలో మీ అమ్మగారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు గాని, 1 కొరింథీ 11:28 ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టెను తినమంటోందే తప్ప, పరీక్షించుకుని బయటికి వెళ్ళిపొమ్మనడం లేదు. క్షమించనని మొండికేసినవారి సంగతి వేరు. క్షమించాలని పెనుగులాడుతున్న మీరు వచ్చే బల్ల ఆరాధనలో కూర్చోండి.

ప్రశ్న: నేను భవన నిర్మాణంలో సైట్ సూపర్‌వైజరును. స్లాబు వేసే రోజున పనివాళ్ళమీద నోరు పారేసుకుంటాను. రాత్రి దేవుణ్ణి క్షమించమని వేడుకుంటాను, మళ్ళీ స్లాబు రాగానే అదే కథ.
– ఒక సోదరుడు, హైదరాబాదు

జవాబు: తిట్లు తిన్నది మేస్త్రీ అయినప్పుడు క్షమాపణ దేవునికి మాత్రమే చెబితే ఎలా? ఆ మేస్త్రీకి, మీకు పైనున్న యజమాని ఒక్కడే గనుక బెదిరించడం మానమని ఎఫెసీ 6:9 చెబుతోంది. ఎవరెవరు వింటుండగా అన్నారో వారందరి ముందే క్షమించమని అడగండి. కాంక్రీటు మొదలయ్యాక పని మధ్యలో ఆపడానికి వీలుండదు గనుక అప్పుడు బయటపడిన ప్రతి లోపమూ అరుపుగా మారుతుంది; సెంట్రింగు, ఇనుము, వైబ్రేటరు, డీజిల్ అన్నీ ముందురోజు సాయంత్రమే ఆ మేస్త్రీని పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.