మాస్టారిని అడగండి: అమెరికా నామినేషన్ మీద రాయగడలో పందెం

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది రాయగడ. బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను, నెలకు 14 వేలు వస్తాయి. ఐపీఎల్ టైంలో పరిచయమైన ఒక స్నేహితుడు 2028 అమెరికా ప్రెసిడెంట్ నామినేషన్ (ఒక్కో పార్టీ అభ్యర్థి ఎవరన్నది) మీద ఇప్పుడే పందెం కాస్తే రేటు బాగా కలిసొస్తుందంటున్నాడు. రిపబ్లికన్లలో జె.డి. వాన్స్, డెమోక్రాట్లలో గావిన్ న్యూసమ్ ముందున్నారట. వాన్స్ మన తెలుగింటి అల్లుడు కాబట్టి నాకు ఆయన మీద నమ్మకం. ఐడీ తనే ఇప్పిస్తానన్నాడు. చీటీ పాడిన డబ్బు 80 వేలు చేతిలో ఉంది. పెట్టొచ్చా?
(పేరు రాయవద్దు, రాయగడ)

జవాబు: వద్దు నాయనా. కారణాలు చాలా ఉన్నాయి గానీ నీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట ముందు చెప్తాను. 'చీటీ పాడిన డబ్బు' అన్నావు. పాడుకున్న చీటీ అంటే అది అప్పు కిందే లెక్క, ఇంకా ఎన్ని నెలల వాయిదాలున్నాయో నువ్వు రాయలేదు. 14 వేల జీతంలో అవి కట్టుకుంటూ ఈ 80 వేలు 2028 వేసవి దాకా ఎవరి చేతిలోనో పెట్టి ఎదురుచూడగలవా? నామినేషన్ అధికారికంగా ఖాయమయ్యేది పార్టీ మహాసభలో, ఆ సభలు జరిగేది ఎన్నికల ఏడాది వేసవిలో. క్రికెట్ మ్యాచ్ అయితే రాత్రి పదకొండింటికి తేలిపోతుంది, ఇది ఏళ్ళ తరబడి నడిచే వ్యవహారం.

ఇక రేటు సంగతి. ఈ పందేల మార్కెట్లలో అమ్మేది ఒక టికెట్ లాంటిది, మన లెక్కలో రూపాయి టికెట్ అనుకో. నువ్వు కొన్న మనిషి గెలిస్తే రూపాయి ఇస్తారు, ఓడితే ఏమీ రాదు. ఆ టికెట్ 30 పైసలకు దొరుకుతోందంటే అతను గెలిచే అవకాశం నూటికి 30 అని కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ కలిసి తేల్చారన్నమాట. నువ్వు బట్టల కొట్టులో ఉన్నావు, ఆషాఢం సేల్లో 900 చీర 600కి ఇవ్వడం తెలుసు, చీర అదే, ధరే తగ్గింది. ఇక్కడ ధర తక్కువగా ఉందంటే ఆ డబ్బు పోయే అవకాశం అంత ఎక్కువని. 'ఇప్పుడు చవక' అన్న నీ స్నేహితుడు ఈ ముక్క చెప్పి ఉండడు.

పైగా ఎన్నికకు చాలా ముందు కనిపించే రేట్లలో ఒక తప్పు అలాగే ఉండిపోతుంది. ఏ ఆశా లేని అభ్యర్థి రేటు కూడా 2, 3 పైసల దగ్గర ఆగిపోతుంది. అతను గెలవడని కాసేవాడు 97 పైసలు రెండు మూడేళ్ళు ఇరికించుకుని చివరికి 3 పైసలు సంపాదించాలి, దానికన్నా బ్యాంకులో ఎఫ్‌డీ నయం కదా, అందుకని ఆ రేటును కిందికి లాగే పని ఎవరూ పెట్టుకోరు. అలాంటి పేర్లు పదిహేను ఇరవై చేరేసరికి అందరి రేట్లూ కూడితే నూరు దాటుతుంది, ఆ దాటిన భాగమంతా కొనేవాడి నెత్తినే పడుతుంది. ప్రెడిక్టిట్ అనే మార్కెట్ ఇది చాలదన్నట్టు లాభంలో 10 శాతం, డబ్బు బయటికి తీసుకునేటప్పుడు 5 శాతం కోసుకునేది.

ముందు రేటు చూసి కొన్నవాళ్ళకు ఏమైందో చెప్తాను విను. 2019 జూన్‌లో ఒక్క డిబేట్ బాగా చేసేసరికి కమలా హ్యారిస్ కొద్దిరోజులు బెట్టింగ్ మార్కెట్లలో డెమోక్రాట్లందరికంటే పైకి వెళ్ళారు. డిసెంబర్ 3న, ఒక్క ఓటు కూడా పడకముందే, పోటీ నుంచి తప్పుకున్నారు. 2022 నవంబర్ మధ్యంతర ఎన్నికలు అవగానే ఫ్లోరిడా గవర్నర్ డిశాంటిస్ రేటు ట్రంప్‌ను దాటింది. 2024 జనవరి 15న, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్ ముందుగా జరిగిన అయోవా రాష్ట్రంలో ట్రంప్‌కు 51 శాతం వస్తే ఈయనకు 21 వచ్చింది, ఆరు రోజులకు విరమించుకున్నాడు.

బైడెన్ సంగతి ఇంకా వింత. 2020లో డెమోక్రాట్ల పోటీలో ఆయనకు అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఆ ఫిబ్రవరి నెలలో ఆయన టికెట్ ఎవరికీ వద్దు, అందరూ సాండర్స్‌నో బ్లూమ్‌బర్గ్‌నో కొంటున్నారు. నెవాడాలో రెండో స్థానంలోకి వచ్చాడు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు ఆయన వెనక నిలబడితే దాదాపు సగం ఓట్లు ఆయనకే వచ్చాయి. మర్నాడు పోటీలో ఉన్న బుటిజెజ్ తప్పుకున్నాడు, ఆ మర్నాడు ఇంకో అభ్యర్థి క్లోబుచార్ తప్పుకుని బైడెన్‌కు మద్దతు ప్రకటించింది, మార్చి 3న ఓటు వేసిన 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి అయ్యాయి. నాలుగు రోజుల్లో అంతా తారుమారు! వంద కోట్ల డాలర్ల వరకు సొంత డబ్బు గుమ్మరించిన బ్లూమ్‌బర్గ్‌కు ఆ రోజు దక్కింది అమెరికన్ సమోవా అనే చిన్న దీవులు. ఆయన్ని కొన్నవాళ్ళ టికెట్లు చిత్తుకాగితాలు. ఆ మనుషులు అక్కడే పుట్టి, రోజూ అక్కడి టీవీ చూస్తూ, అక్కడ ఓటు వేసేవాళ్ళు. వాళ్ళకే అందని లెక్క రాయగడలో కూర్చుని నీకూ నాకూ ఎలా అందుతుంది చెప్పు.

అంత దూరం ఎందుకు, 2024 జూన్‌లో మన ఒడిశాలో ఏం జరిగింది? 24 ఏళ్ళు ముఖ్యమంత్రిగా ఉన్న నవీన్ పట్నాయక్ ప్రభుత్వం పడిపోయింది, ఆయనే స్వయంగా కాంటాబాంజీలో ఓడిపోయారు, మన గంజాం జిల్లా హింజిలిలో గట్టెక్కారు. టీ కొట్టు దగ్గర రోజూ వాదించుకున్న మనలో ఎంతమంది ముందే ఊహించారు?

అల్లుడి మాటకు వస్తాను. వాన్స్ భార్య ఉష పూర్వీకులది తణుకు దగ్గర వడ్లూరు, ఆ సంగతి చదివినప్పుడు నాకూ సంతోషమేసింది, అందులో తప్పేం లేదు. కానీ అయోవాలో మొక్కజొన్న పండించే రైతుకు వడ్లూరుతో పనేముంది? నువ్వు ఇష్టపడే మనిషి మీద డబ్బు పెట్టినప్పుడు నీకు మంచి వార్తలే కనబడతాయి, చెడ్డ వార్త వచ్చినా 'ఇదేం కాదులే' అనుకుంటావు. వైస్ ప్రెసిడెంట్ కాబట్టి ఖాయం అన్నది కూడా నమ్మకు. ట్రంప్ దగ్గర అదే పదవి చేసిన మైక్ పెన్స్ 2023 అక్టోబర్‌లోనే పోటీ వదిలేశాడు. అప్పటి వైస్ ప్రెసిడెంట్ పెద్ద బుష్ 1988లో నామినేషన్ గెలిచిన మాట నిజమే, అయితే ఆయన కూడా అయోవాలో మూడో స్థానంలో ఉన్నాడు. ఆ రాత్రి ఆయన టికెట్ చేతిలో ఉన్నవాడికి నిద్ర పట్టి ఉంటుందా?

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ 'ఐడీ' ఒక ఎత్తు. నీ స్నేహితుడు ఇప్పించేది ఆ అమెరికా మార్కెట్లో ఖాతా అనుకుంటున్నావేమో, అలా ఉండదు. వాట్సాప్‌లో ఒక నంబర్ ఇస్తారు, యూపీఐలో డబ్బు వెయ్యమంటారు. వేసేముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చూడు. మొదటిసారి ఒక పేరు, వారం తర్వాత ఇంకో పేరు, ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి, చాలాసార్లు కమిషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చిన పేదవాడు. బరంపురంలో మా వీధిలో ఒక కుర్రాడు అలాగే ఆడి 6,500 గెలిచాడు, డబ్బు ఖాతాలో పడింది, ఇంట్లో స్వీట్లు కూడా పంచాడు. రెండు నెలల తర్వాత ఖాతా ఫ్రీజ్ అయింది. అతనికి డబ్బు వచ్చిన ఖాతా మీద వేరే రాష్ట్రంలో ఎవరో మోసం కేసు పెట్టారట. అది తల్లీ కొడుకుల ఉమ్మడి ఖాతా, ఆమె అప్పడాలు చేసి అమ్ముకుంటుంది, దుకాణాలవాళ్ళు ఇచ్చే డబ్బంతా అందులోకే వచ్చేది. మినప్పిండి బస్తా కొనడానికి లేక ఆవిడ నా దగ్గరికొచ్చి రెండు వేలు అడిగినప్పుడు కదా నాకు సంగతి తెలిసింది. ఆధార్ జెరాక్సులు పట్టుకుని నాలుగు నెలలు తిరిగారు.

చట్టం కూడా చెప్తాను. ఒడిశాలో జూదం నిరోధక చట్టం 1955 నుంచి ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆడేవాడికి అందులో శిక్ష లేదు, నీ స్నేహితుడు ఆ ముక్క పట్టుకుని 'ఏం కాదు' అంటాడు చూడు. కానీ పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే చెప్పింది కాబట్టి గెలిచిన డబ్బు ఎగ్గొడితే ఏ కోర్టుకూ వెళ్ళలేవు. ఒకప్పుడు ఈ పందేలకు పెద్ద పేరున్న ఐర్లండ్ కంపెనీ ఇంట్రేడ్ 2013 మార్చిలో ఉన్నట్టుండి మూతపడింది. వాట్సాప్ నంబర్‌వాడు 2028 దాకా ఉంటాడని ఎవరు హామీ?

ఆ 80 వేలు రేపే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసి నెల నెలా చీటీ వాయిదా దాన్నుంచే కట్టు. ఈ ఒక్క పని నా కోసం చెయ్యి.

ప్రశ్న: మాస్టారూ, నేను పర్లాకిమిడిలో టీచర్ని. పిల్లలకు చెప్పడానికి అడుగుతున్నాను. కాకస్, ప్రైమరీ అంటే తేడా ఏమిటి? చిన్న అయోవా రాష్ట్రానికి ఎందుకంత పేరు?
(సాంఘిక శాస్త్రం టీచర్, పర్లాకిమిడి)

జవాబు: టీచరమ్మా, ప్రైమరీ మన పోలింగ్ లాంటిదే, వెళ్ళి బ్యాలెట్ మీద ఓటు వేసి వచ్చెయ్యడం. డెమోక్రాట్ల కాకస్ ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి అయోవాలోని ఏమ్స్‌లో చదువుతున్నప్పుడు 2020 ఫిబ్రవరి 3 రాత్రి ఒక స్కూలు వ్యాయామశాలలో గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కో అభ్యర్థి పేరు రాసిన అట్ట దగ్గర అతని మనుషులు గుంపుగా నిలబడ్డారు. తలలు లెక్కపెట్టారు. 15 శాతం రాని గుంపులవాళ్ళు వేరే గుంపులోకి వెళ్ళొచ్చు, అప్పుడు మొదలైంది అసలు సందడి, 'మా వైపు రండి' అని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే ఒకరినొకరు బతిమాలుకోవడం. ఎర్ర స్వెటర్ వేసుకున్న ఒక పెద్దావిడ రెండు గుంపుల మధ్య చాలాసేపు నిలబడిపోయింది, చివరికి పక్కింటావిడ వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆవిడతో వెళ్ళింది. ఏ సర్వేకూ ఏ రేటుకూ ఆ చెయ్యి కనబడదని నాకు అప్పుడే అనిపించింది.

ఆ రాత్రి ఫలితమే రాలేదు. లెక్కలు పంపే యాప్ పనిచెయ్యక రోజుల తరబడి గందరగోళం. 2012లో రిపబ్లికన్లకూ ఇలాగే అయింది, రామ్నీ 8 ఓట్లతో గెలిచాడని ప్రకటించారు, రెండు వారాలు గడిచాక చూస్తే శాంటోరమ్‌కే 34 ఓట్లు ఎక్కువ.

డెలిగేట్ల (పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటు వేసే ప్రతినిధుల) లెక్కలో అయోవా చాలా చిన్నది, 2020లో డెమోక్రాట్లకు ప్రైమరీ, కాకస్ ఓట్లతో తేలే డెలిగేట్లు 3,979 మంది ఉంటే అయోవాకు 41. పేరు మాత్రం ముందు జరగడం వల్ల వచ్చింది. 1976లో అక్కడ అందరికంటే ఎక్కువగా, 37 శాతం, ఎవరివైపూ తేల్చుకోనివాళ్ళకే పోయింది, కార్టర్‌కు 28. అయినా అభ్యర్థుల్లో ముందున్నాడు కాబట్టి పేపర్ల నిండా ఆయనే, ఆ ఏడాది ప్రెసిడెంట్‌గా కూడా గెలిచాడు. 2024లో డెమోక్రాట్లు ఆ మొదటి స్థానం సౌత్ కరోలినాకు ఇచ్చారు. ఏ రాష్ట్రం ఎప్పుడన్నది పార్టీలు ఇలా మారుస్తుంటాయి. పైన రాయగడ అబ్బాయికి ఇది కూడా చెప్పాల్సింది, క్యాలెండర్ తేలకముందే పందెమంటే కోళ్ళు ఏ బరిలో దిగుతాయో తెలియకుండా కాయడం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రాత్రిళ్ళు ఫోన్‌లో అమెరికా ఎన్నికల బెట్టింగ్ రేట్లు చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. డబ్బు పెట్టట్లేదంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది. ఆపమనాలా?
(ఒక తల్లి, గుణుపురం)

జవాబు: ఆపొద్దమ్మా. అయోవా యూనివర్సిటీవాళ్ళు 1988 నుంచి పాఠం చెప్పడానికే ఇలాంటి మార్కెట్ నడుపుతున్నారు, ఒక మనిషి 500 డాలర్లకు మించి పెట్టకూడదని హద్దు పెట్టి. మీ అబ్బాయిని రేటు పక్కనే తన సొంత అంచనా కూడా తేదీ వేసి రాయమనండి, నూటికి ఇంత అని. నూటికి 70 అని రాసినవాటిలో పదికి ఏడు జరిగాయా, నాలుగే జరిగాయా అన్నది ఏడాది తర్వాత చూసుకుంటే వాడి తెలివి ఎంతో వాడికే తెలుస్తుంది.

నోట్‌బుక్ మీకు చూపిస్తున్నంత కాలం దిగులు పడకండి. అది దాచడం మొదలుపెట్టినా, ఫీజు డబ్బు రెండోసారి అడిగినా, యూపీఐ హిస్టరీలో తెలియని పేర్లకు వెయ్యి, రెండు వేలు వెళ్తున్నట్టు కనిపించినా కోప్పడకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఎంత పోయిందో అడగండి. ఎవరైనా మోసం చేశారని తేలితే ఆ రోజే 1930కి ఫోన్ చెయ్యండి, ఆలస్యమైతే డబ్బు చేతులు మారిపోతుంది. ఆ తర్వాత నాకు కూడా ఒక ఉత్తరం రాయండి.