ఆరేళ్ల లెక్క ఆయన ముందు పెట్టండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాబు పది పాసయిండు, లెక్కల్లో 58 మార్కులు. పాలిటెక్నిక్ కోసం పాలిసెట్ రాసిండు, ర్యాంకు వచ్చింది. సెలవులన్నీ మా తమ్ముడి మోటార్ వైండింగ్ షాపులనే గడిపిండు. ఐటీఐల ఎలక్ట్రీషియన్ చేస్తనంటున్నడు. "చదువెందుకక్కా, నా దగ్గరే పని నేర్చుకుంటడు" అని తమ్ముడు. మా ఆయన మాత్రం ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్ అని పట్టుబట్టిన్రు. "నేను పడ్డ కష్టం వాడు పడొద్దు" అంటున్నరు. వారం నుంచి తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఏం చెయ్యాలె?

జవాబు: అమ్మా, ముందు మీ ఆయనతో కూర్చొని ఒక కాగితం మీద ఈ లెక్క వేయండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు: ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, తర్వాత డిప్లొమా వాళ్లకుండే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్తే మరో మూడేళ్లు: అదీ ఆరే. ఐటీఐ నుంచి కూడా దారి ఉంది. రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ మంచి మార్కులతో పాసై, బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. రెండు, రెండు, మూడు కలిపితే ఏడేళ్లు. అంటే ఆయన కోరే బీటెక్ ఏ దారిలోనూ మూసుకుపోలేదు.

తేడా అంతా మధ్యలో ఆగాల్సి వస్తే తెలుస్తుంది. హన్మకొండలోనే ఆఫీసున్న కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌ను చూడండి. జూనియర్ లైన్‌మన్‌కు పదితో పాటు ఎలక్ట్రికల్ ఐటీఐ కావాలి, స్తంభం ఎక్కి చూపించాలి. సబ్ ఇంజనీర్‌కు ఎలక్ట్రికల్ డిప్లొమా, అసిస్టెంట్ ఇంజనీర్‌కు ఇంజనీరింగ్ డిగ్రీ. ఉత్త ఎంపీసీ ఇంటర్‌తో ఈ మూడింట్లో ఒక్కదానికీ అర్హత రాదు. చేతికి మట్టి అంటని ఉద్యోగం కొడుక్కి రావాలన్న తండ్రి కోరిక తప్పు కాదు. ఆ మాట ఆయనతో అనండి, తర్వాతే లెక్క చూపించండి.

మీ తమ్ముడి మాటలో ప్రేమ ఉంది కానీ ప్రమాదమూ ఉంది. అప్రెంటిస్‌షిప్ చట్టం కింద నమోదు కావాలంటే సంస్థలో కనీసం నలుగురు పనివాళ్లు ఉండాలి. ఇద్దరు ముగ్గురితో నడిచే షాపులో పదేళ్లు చేసినా ఆ సర్టిఫికెట్ రాదు. పని వస్తుంది, దరఖాస్తు పెట్టే అర్హత రాదు. ఆదివారాలు, సెలవుల్లో మాత్రం షాపుకు తప్పకుండా పంపండి. క్లాసులో దొరకనిది అక్కడ దొరుకుతుంది.

ఇక మీ బాబుకు డిప్లొమానా, ఐటీఐనా? అది షాపులోనే తేలుతుంది. కాలిపోయిన 5 హెచ్‌పీ మోటారు వచ్చినప్పుడు గమనించమని తమ్ముడికి చెప్పండి. పాత వైండింగ్ కోసి పడేసే ముందు స్లాటుకు ఎన్ని చుట్లున్నాయి, తీగ గేజి ఎంత అని వాడు నోటుబుక్కులో రాసుకుంటున్నాడా? స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల చుట్టలు నల్లగా మాడి మూడోది బాగానే ఉంటే ఎందుకో అడగమనండి. లైన్లో ఒక ఫేజు పోయినా మోటారు ఆగకుండా తిరిగింది కాబట్టి అని, మూడూ ఒకేలా మాడితే పంపు పట్టేసిందేమో అని వాడు ఆలోచిస్తే డిప్లొమాలో పెట్టండి. చెయ్యి చురుగ్గా ఉండి, "ఎందుకు" అంటే విసుక్కుంటే ఐటీఐ మేలు. నా మొగ్గు డిప్లొమా వైపే. 58 మార్కులు దానికి అడ్డం కాదు, కానీ మొదటి ఏడాది లెక్కలు వదిలేస్తే బ్యాక్‌లాగ్‌లు పేరుకుపోతాయి. ఈసెట్‌లో 200 మార్కులకు 50 లెక్కలవే. బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరిన పిల్లలు తడబడేదీ అక్కడే. చేరకముందే త్రికోణమితి ట్యూషన్ పెట్టించండి.

ఐటీఐ అయితే ప్రభుత్వ ఐటీఐ చూడండి. ప్రైవేటుదైతే ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కే ఎన్‌సీవీటీ (కేంద్ర వృత్తి శిక్షణ) గుర్తింపు ఉందా అని అడగండి, సంస్థ పేరు మీద ఉంటే చాలదు. పనిదినాన చెప్పకుండా వెళ్లి వర్క్‌షాప్ తలుపు తీయమనండి. మోటార్ల మీద దుమ్ము పేరుకుని ఉంటే అక్కడ చేర్చకండి. మార్కులు తేలిగ్గా తీసుకోవద్దని బాబుకు చెప్పండి: దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్‌లను రాతపరీక్ష లేకుండా పది, ఐటీఐ మార్కుల సగటు చూసే తీసుకుంటుంది. ఆ ఏడాది స్టైపెండ్ వస్తుంది, చివర పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది.

పాలిసెట్ కౌన్సెలింగ్‌కు బాబును మీ ఆయనే తీసుకెళ్లాలి, మీరో తమ్ముడో కాదు. ఆప్షన్లు ముందు రోజు రాత్రే ఇంట్లో కాగితం మీద వరుసగా రాసుకోవాలి: మొదట వరంగల్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్, తర్వాత రోజూ వెళ్లిరాగల మిగతా ప్రభుత్వ కాలేజీల్లో అదే బ్రాంచి. ఆ కాగితం బాబు చేత రాయించండి, పక్కన కూర్చొని ఆయన్ని చదవమనండి.